రెండూ చెబితే తప్పేంటి అంటున్నవాళ్లకు

పరిణామ సిద్ధాంతం మీద ఎక్కడ వాదన మొదలైనా, కాసేపటికి ఎవరో ఒకరు పెద్దమనిషి తరహాలో రాజీ మాట ఒకటి చెబుతారు. డార్విన్ చెప్పిందీ చెప్పండి, దేవుడు సృష్టించాడన్నదీ చెప్పండి, పిల్లలు తెలివైనవాళ్లు, వాళ్లే తేల్చుకుంటారు అని. వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, కాదన్నవాడే మొండివాడిలా కనిపిస్తాడు. అయినా నేను కాదనే అంటున్నాను. దేవుణ్ణి నమ్మేవాళ్ల మీద కోపం ఉండి కాదు. ఈ "రెండూ చెప్పడం" అనేది నిజంగా ఒక ఊరి బడిలో జరిగింది, అక్కడేం జరిగిందో కోర్టులో ప్రమాణం చేసి చెప్పినవాళ్ల మాటల్లో మొత్తం రికార్డయి ఉంది. ఆ రికార్డు చూస్తే అర్థమయ్యేది ఒక్కటే, పిల్లలు పోల్చి చూసుకోవడానికి అసలు రెండో పాఠమంటూ లేదు.

ఆ ఊరు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్. 2004 అక్టోబర్ 18న అక్కడి స్కూలు బోర్డు ఆరుగురు అటు, ముగ్గురు ఇటుగా ఓటేసి ఒక తీర్మానం చేసింది. తొమ్మిదో తరగతి బయాలజీలో పరిణామం చెప్పేముందు పిల్లలకు ఒక ప్రకటన చదివి వినిపించాలి, డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలున్నాయని, ఇంటెలిజెంట్ డిజైన్ అనే ఇంకో వివరణ ఉందని, కావాలంటే లైబ్రరీలో దాని గురించి "ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్" అనే పుస్తకం ఉందని చెప్పాలి. ఇంటెలిజెంట్ డిజైన్ అంటే, జీవుల నిర్మాణం ఇంత క్లిష్టంగా ఉందంటే ఎవరో తెలివైనవాడు ఆలోచించి చేసి ఉంటాడు అనే వాదం. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం పైకి చెప్పరు. తీర్మానాన్ని వ్యతిరేకించినవాళ్లలో ఇద్దరు ఆ రాత్రే రాజీనామా చేసి వెళ్లిపోయారు.

2005 జనవరిలో ఆ ప్రకటన చదవాల్సిన రోజు వచ్చింది. బయాలజీ టీచర్లు మేం చదవం అన్నారు. ఇది సైన్సు కాదు, సైన్సు కానిదాన్ని సైన్సని తెలిసి తెలిసి పిల్లలకు చెప్పడం మా వృత్తి నియమాలకే విరుద్ధం అని రాతపూర్వకంగా ఇచ్చారు. వీళ్లు దేవుడంటే పడనివాళ్లేమీ కాదు, ఆ ఊళ్లో చర్చికి వెళ్లేవాళ్లే చాలామంది. టీచర్లు కాదనేసరికి ఆఫీసు నుంచి అధికారులే క్లాసుకొచ్చి కాగితం చూసి చదివారు. వినడం ఇష్టంలేని పిల్లలు బయట వరండాలో నిలబడ్డారు, టీచర్లూ బయటికొచ్చారు. చదవడం ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయింది. దాని మీద ప్రశ్నలు అడగడానికి లేదు, అడిగినా టీచర్లు జవాబు చెప్పకూడదు, జీవం పుట్టుక గురించిన చర్చ మీ ఇంట్లో చేసుకోండి అన్నారు.

నన్ను పట్టి ఆపేది ఇక్కడే. పిల్లలు రెండు వైపులా విని తేల్చుకుంటారని కదా అసలు వాదన? తేల్చుకోవాలంటే అడగాలి. పధ్నాలుగేళ్ల పిల్ల చెయ్యెత్తి "ఆ డిజైనర్ ఎవరు సార్? ఎప్పుడు చేశాడు? ఎలా చేశాడు? మరి మన అపెండిక్స్‌ను ఎందుకలా వదిలేశాడు?" అని అడిగితే చెప్పడానికి ఆ కాగితంలో ఏమీ లేదు. మిగతా సంవత్సరమంతా పాఠాలున్నాయి, ప్రయోగాలున్నాయి, మైక్రోస్కోపులున్నాయి, ఈ రెండో వైపుకు మాత్రం ఒక పేరా, లైబ్రరీలో ఒక పుస్తకం, నోరు మూసుకోమనే నిబంధన. ప్రశ్నను నిషేధించాల్సి వచ్చిన పాఠం ఏ సబ్జెక్టులోనైనా సరే పాఠం అవుతుందా?

పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 2005 సెప్టెంబర్ చివర్లో మొదలై నవంబర్ మొదటి వారం దాకా విచారణ నడిచింది. జడ్జి జాన్ జోన్స్, జార్జ్ బుష్ నియమించిన రిపబ్లికన్. డార్విన్ వైపు మొదటి సాక్షిగా బోనెక్కింది బ్రౌన్ యూనివర్సిటీ జీవశాస్త్రవేత్త కెనెత్ మిల్లర్, ఆయన నిష్ఠగల క్యాథలిక్. ఆయన కోర్టులో వివరించిన సంగతుల్లో ఒకటి చెబుతాను, ఎందుకంటే సైన్సు ఎలా పనిచేస్తుందో ఇంత తేలిగ్గా చూపించే ఉదాహరణ నాకింకోటి కనబడలేదు. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ల కణాల్లో 48 క్రోమోజోములుంటాయి. మనకు 46. మనకూ వాటికీ ఒకే పూర్వీకుడుంటే ఒక జత ఏమైనట్టు? ఊరికే పోయుంటే ఆ జీవి బతికేదే కాదు, అంటే రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటై ఉండాలి. అతుక్కుంటే గుర్తులు మిగలాలి. క్రోమోజోముల చివర్లలో మాత్రమే ఉండే టెలోమియర్ అనే వరస మధ్యలో కనబడాలి, క్రోమోజోముకు నడుము ముడి లాంటి, ఒకటే ఉండాల్సిన సెంట్రోమియర్‌కు తోడు రెండోదాని శిథిలం ఉండాలి. ఇవేవీ కనబడకపోతే పరిణామ సిద్ధాంతం పెద్ద చిక్కులో పడినట్టే. వెతికారు. మన రెండో నంబరు క్రోమోజోములో అన్నీ ఉన్నాయి, ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఓడిపోయే అవకాశం ఉన్న పరీక్షకు సిద్ధాంతం కూర్చుంది, పాసయింది.

అవతలి వైపు ప్రధాన సాక్షి లీహై యూనివర్సిటీ బయోకెమిస్ట్ మైకేల్ బీహీ. మన రోగనిరోధక వ్యవస్థ లాంటివి అంచెలంచెలుగా ఏర్పడే వీలు లేదని ఆయన వాదన. తల్లిదండ్రుల తరఫు లాయరు ఆ వ్యవస్థ పరిణామం మీద వచ్చిన 58 పరిశోధనా పత్రాలు, తొమ్మిది పుస్తకాలు తెచ్చి ఆయన ముందు పేర్చాడు. ఇవన్నీ సరిపోవన్నాడు బీహీ. సరే, మీ నిర్వచనం ప్రకారం అయితే జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమే అవుతుందా అని లాయరు అడిగితే, అవుతుందని ఒప్పుకున్నాడు. ఆ జ్యోతిషం మాట గుర్తుపెట్టుకోండి, మన హైదరాబాద్ దాకా వస్తుంది.

కేసును పూర్తిగా తిప్పేసింది మాత్రం లైబ్రరీ పుస్తకమే. బార్బరా ఫారెస్ట్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్ దాని పాత చిత్తుప్రతులు వరసగా పెట్టి చూపించింది. 1987లో లూసియానా కేసులో అమెరికా సుప్రీంకోర్టు బడిలో సృష్టివాదం చెప్పకూడదని తీర్పిచ్చింది. ఆ తీర్పుకు ముందు రాసిన ప్రతుల్లో "సృష్టి" అని ఉన్నచోటల్లా, తర్వాతి ప్రతుల్లో "ఇంటెలిజెంట్ డిజైన్" అని ఉంది. వాక్యం అదే, నిర్వచనం అదే. ఒకచోట తొందరలో మార్చారేమో, పాత మాట మధ్యలో కొత్త మాట ఇరుక్కుపోయి అలాగే ఉండిపోయింది. బోర్డు సభ్యుల సంగతి ఇంకా దారుణం. ఆ పుస్తకాలు ఎవరో దానం చేశారు, మాకు తెలియదన్నారు, తీరా చూస్తే బోర్డు సభ్యుడు బిల్ బకింగ్‌హామ్ తన చర్చిలోనే చందాలు వసూలు చేసి 850 డాలర్ల చెక్కు రాసిచ్చాడని తేలింది.

2005 డిసెంబర్ 20న జడ్జి 139 పేజీల తీర్పిచ్చాడు. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదు, పేరు మార్చిన సృష్టివాదం, ప్రభుత్వ బడిలో చెప్పడం రాజ్యాంగ విరుద్ధం అని. పరిణామాన్ని ఒప్పుకుంటే దేవుణ్ణి కాదన్నట్టు కాదని కూడా అదే తీర్పులో రాశాడు. ఆ తీర్పు రాకముందే, నవంబర్‌లో జరిగిన స్కూలు బోర్డు ఎన్నికల్లో పోటీలో ఉన్న పాత సభ్యులు ఎనిమిది మందినీ ఊరివాళ్లు ఇంటికి పంపించారు. కోర్టు ఖర్చుల కింద ఆ చిన్న స్కూలు జిల్లా పది లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. పిల్లల కోసం ఖర్చుపెట్టాల్సిన డబ్బు అది.

అక్కడ ఈ గొడవ ఎనభై ఏళ్లుగా మెట్లు దిగుతూ వచ్చిందని గమనించాలి. 1925లో టెనెసీ రాష్ట్రం డార్విన్ పాఠం చెప్పడమే నేరం అంది, జాన్ స్కోప్స్ అనే టీచరుకు వంద డాలర్ల జరిమానా పడింది. 1968లో అలాంటి నిషేధాలను సుప్రీంకోర్టు కొట్టేసింది. నిషేధించే వీల్లేక "సమాన సమయం ఇవ్వండి" అన్నారు, అదీ 1982లో ఆర్కాన్సాలో, 1987లో లూసియానా కేసులో పోయింది. ఆ తర్వాత పేరు మార్చారు. "రెండూ చెప్పండి" అనే మాట న్యాయం కోసం పుట్టింది కాదు, నిషేధం ఓడిపోయాక మిగిలిన దారి. ఇది తెలియకుండా మనవాళ్లు ఆ మాటను ఉదారంగా ఎత్తుకుంటున్నారు.

ఇక మన సంగతి. 2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు, డార్విన్ తప్పు, సిలబస్ మార్చాలి అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండించాయి. ఏడాది తిరగ్గానే 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు దశావతారాలు డార్విన్ కంటే మెరుగైన సిద్ధాంతం అన్నారు. ఒక తెలుగువాడిగా నాకు ఆ రోజు చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఆ యూనివర్సిటీలోనే జంతుశాస్త్రం చదివి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లు మన ఊళ్లలో వందలమంది ఉన్నారు.

దశావతారాల మాట తేలిగ్గా తీసేయాల్సింది కాదు. చేప, తాబేలు, వరాహం, సగం మనిషి సగం సింహం, పొట్టివాడు అని వరస చూస్తే ఎవరికైనా ఏదో పోలిక కనబడుతుంది. మన దేశ పౌరసత్వం తీసుకుని భువనేశ్వర్‌లో కన్నుమూసిన గొప్ప జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా ఈ పోలికను ప్రస్తావించాడు. పోలిక ముచ్చటైనదే. కానీ చేప తాబేలును కనలేదు, తాబేలు వరాహాన్ని కనలేదు, ప్రతిసారీ దిగి వచ్చింది విష్ణువే అని కదా కథ. పైగా పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు వేస్తూ పోయే చెట్టు, చేప పని అయిపోయి తాబేలు రాలేదు, చేపలు ఇప్పటికీ మారుతూనే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద తేడా వేరే ఉంది. నీళ్లలోంచి నేల మీదికి వచ్చే దశలోని జీవి ఎక్కడ దొరకొచ్చో శిలాజ శాస్త్రవేత్త నీల్ షూబిన్ బృందం ముందే లెక్క వేసుకుంది. దాదాపు 37.5 కోట్ల ఏళ్ల నాటి, నదులు పేర్చిన రాళ్లు కావాలనుకుని కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవికి ఏళ్ల తరబడి వెళ్లి తవ్వితే 2004లో టిక్టాలిక్ అనే జీవి శిలాజం దొరికింది. చేపకుండే పొలుసులు, మొప్పలు, వాటితో పాటు మెడ, మణికట్టు లాంటి ఎముకలు. దశావతార కథ మనకు చాలా ఇస్తుంది, ఏ రాయి తవ్వాలో మాత్రం చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ దానికి లేదు, అది అందుకు పుట్టిన కథ కాదు.

సరే, సృష్టి కథలు సైన్సు క్లాసులో పెడదాం అనే అనుకుందాం. ఎవరి కథ? ఉట్నూరు వైపు ఒక సర్కారు బడి ఊహించుకోండి. ఒక పిల్లాడి ఇంట్లో బ్రహ్మ, ఇంకో పిల్ల ఇంట్లో ఆరు రోజుల బైబిల్ సృష్టి, మూడో పిల్లాడికి అల్లా మట్టితో చేసిన ఆదం. గోండు పిల్లాడికి గుహలో బందీలైన తమ దేవతలను విడిపించిన పహండి కుపార్ లింగు కథ, గోండుల కథకులైన ప్రధాన్లు కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ చెప్పేది. ఇందులో ఏది "రెండో వైపు"? అన్నీ చెప్పడానికి బయాలజీ పీరియడ్లు చాలవు, ఒక్కటే చెబితే మిగతా పిల్లలకు బడి పరాయిదైపోతుంది. ఆ ఒక్కటి ఎవరిదవుతుందో చెప్పక్కర్లేదు, లింగు కథ మాత్రం కాదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్పింది ఇందుకే.

టెక్సాస్‌లోనో పెన్సిల్వేనియాలోనో పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపుతున్న మన తెలుగు తల్లిదండ్రులకు ఇది మనకన్నా బాగా అర్థం కావాలి. అక్కడ బయాలజీ క్లాసులో బైబిల్ సృష్టి చెబితే తమ పిల్ల పరాయిదైపోతుందని వాళ్లకు తెలుసు, ఆ పిల్లకు రక్షణగా నిలబడింది డోవర్ లాంటి తీర్పులే. అదే మనిషి సెలవులకు విశాఖ వచ్చినప్పుడు ఇక్కడి పుస్తకాల్లో అవతారాలు పెట్టాలని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తున్నాడంటే, అక్కడ తన పిల్లకు కోరుకున్నది ఇక్కడ వేరేవాళ్ల పిల్లలకు ఎందుకు వద్దంటున్నాడో ఆలోచించుకోవాలి.

ఇక్కడ మనకూ అమెరికాకూ ఉన్న తేడా చెప్పాలి, చాలామంది పట్టించుకోనిది ఇదే. 2001లో యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష శాస్త్రం కోర్సులు పెడతామంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ మరో ఇద్దరితో కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. కొట్టేశారు. సుప్రీంకోర్టుకెళ్లారు, 2004లో అక్కడా కొట్టేశారు. ఏ కోర్సు పెట్టాలన్నది నిపుణుల సంస్థ చూసుకునే విషయం, కోర్టులు జోక్యం చేసుకోవు అన్నది సారాంశం. డోవర్‌లో జ్యోతిషం మాట సాక్షి నోట రావడమే ఆ వైపు వాదన ఎంత బలహీనమో చూపించింది, ఇక్కడ జ్యోతిషమే నేరుగా యూనివర్సిటీలోకి నడిచి వెళ్లింది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఏ(హెచ్)లో రాసి ఉంది, కానీ విధి ఉన్నంత మాత్రాన కోర్టు పాఠాన్ని కాపాడుతుందన్న భరోసా లేదు. డోవర్ తల్లిదండ్రులకు దొరికిన తీర్పు మనకు దొరుకుతుందని కూర్చుంటే కుదరదు.

పైగా మన దగ్గర "రెండూ చెప్పండి" అనేదాకా కూడా రాలేదు, ఒకటి తీసేశారు. సీబీఎస్ఈ బడులకు పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అని ఉండే పాఠం కోవిడ్ తర్వాతి కోతల్లో ఉత్త "అనువంశికత" అయిపోయింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు దాన్ని తిరిగి పెట్టమని బహిరంగ లేఖ రాశారు. పిల్లల మీద భారం తగ్గించాం, పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అన్నది జవాబు. మన తెలుగు ఇళ్లలో ఈ జవాబుకు అర్థమేమిటో అందరికీ తెలుసు. పది అవగానే ఎంపీసీ. ఎంపీసీలో చేరిన పిల్లాడు జన్మలో మళ్లీ బయాలజీ పుస్తకం తెరవడు. సీబీఎస్ఈ బడిలో చదివిన ఆ పిల్లాడు ఇంజినీరై, ఆఫీసరై, రేపు ఏదో కమిటీలో కూర్చుని సిలబస్ కూడా నిర్ణయించొచ్చు, పరిణామం అంటే "కోతి మనిషైంది" అనే ఒక్క మాట తప్ప వాడికి ఎవరూ చెప్పి ఉండరు. డోవర్‌లో రెండు నిమిషాల కాగితం చేయబోయిన పని ఇక్కడ ఒక్క మాట లేకుండా జరిగిపోయింది.

భారం అన్నారు కాబట్టి పత్తి చేను గురించి చెబుతాను. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి మన దేశంలోకి 2002లో వచ్చింది. విత్తన ప్యాకెట్‌తో పాటు చిన్న నాన్ బీటీ ప్యాకెట్ ఒకటి ఇచ్చేవారు, 450 గ్రాముల బీటీకి 120 గ్రాముల మామూలు విత్తనం. చేను చుట్టూ అది వేయమన్నారు. ఎందుకో రైతుకు సరిగా చెప్పినవాళ్లు తక్కువ. పురుగు తినడానికి మనమే విత్తనం వేయడమేంటని చాలామంది పక్కన పారేశారు. దాని వెనకున్నది డార్విన్ చెప్పిన ప్రకృతి వరణమే. కోట్ల పురుగుల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే బీటీ విషాన్ని తట్టుకుంటాయి. చేనంతా బీటీయే అయితే మిగతావన్నీ చచ్చి ఈ తట్టుకునేవే మిగులుతాయి, వాటిలో అవే జత కడతాయి, కొన్ని తరాలకు పురుగంతా మొండిదైపోతుంది. చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బతికి, ఈ మొండివాటితో జత కట్టి, పుట్టే పిల్లలు మళ్లీ విషానికి చచ్చేలా చేస్తాయి. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010లో ఆ విత్తనం తెచ్చిన మోన్సాంటో కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత కొన్నేళ్లకే రెండు జన్యువులున్న రకం కూడా పనిచేయకుండా పోయింది, మహారాష్ట్రలో, తెలంగాణలో, ఆంధ్రలో కాయ పగలదీస్తే లోపల పురుగు. అప్పులు చేసి మందులు కొట్టిన రైతులకు ఇది పుస్తకాల్లోని సిద్ధాంతం కాదు. ఆ ప్యాకెట్ ఎందుకో ఆ ఇంటి పదో తరగతి పిల్ల నాన్నకు చెప్పగలిగి ఉండాల్సింది. ఆ పిల్లకు ఈ పాఠం భారమెలా అవుతుంది?

పాడేరు ఏజెన్సీలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) పరీక్షలకు వచ్చే పిల్లల సంగతీ అంతే. ఇంత బాధపెట్టే జబ్బు జన్యువు ఇన్ని తరాలు ఎందుకు పోకుండా ఉంది, అదీ కొన్ని ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ? ఆ జన్యువు ఒక్క కాపీ మాత్రమే ఉన్నవాళ్లను అది మలేరియా నుంచి కాపాడుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. మలేరియా ఉన్నచోట ఆ జన్యువు నిలబడింది. ఇది తెలిసిన పిల్ల జబ్బును శాపమనుకోదు, తమ కులానిదో తెగదో లోపమనుకోదు. సృష్టివాదం ఆ పిల్లకు ఏం చెప్పగలదు?

టీచర్ల గురించి కూడా మాట్లాడాలి. ఈ పాఠం వచ్చినప్పుడు "పరీక్షకు చదువుకోండి, నమ్మక్కర్లేదు" అని దాటేసేవాళ్లు ఉన్నారని అందరికీ తెలుసు. ఇంకో రకం టీచర్లూ ఉన్నారు, "దేవుడు చేశాడంటారు కదా మేడం" అని పిల్ల అడిగితే నవ్వి ఎగతాళి చేసేవాళ్లు. రెండూ తప్పే. రెండో తప్పు వల్ల మొదటివాళ్లకే బలం వస్తుంది, ఎందుకంటే ఆ పిల్ల ఇంటికెళ్లి చెప్పుకునేది తనకు జరిగిన అవమానం గురించే. మీ ఇంట్లో చెప్పినదాన్ని నేను తీసిపారేయడం లేదు, ఈ క్లాసులో మాత్రం కొలిచి, తవ్వి, పరీక్షించి చూసినదే మాట్లాడుకుంటాం, దాని మీద ఎన్ని ప్రశ్నలైనా అడుగు అని చెబితే సరిపోతుంది. పరిణామంలో ఇంకా తెలియనివి చాలా ఉన్నాయి, మొదటి కణం ఎలా వచ్చిందన్నది ఇప్పటికీ తేలలేదు. అదీ దాచకుండా చెప్పాలి.

సృష్టి కథలను బడి గేటు బయట ఆపమని నేననడం లేదు. తెలుగు వాచకంలో పెట్టండి, సాంఘికశాస్త్రంలో పెట్టండి. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం, ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు, పైనున్నవాడికైనా తెలుసో లేదో అని ముగుస్తుంది, అంతకంటే మంచి తెలుగు, సంస్కృత పాఠం ఏముంటుంది? లింగు కథను ఉట్నూరు పిల్లలకే కాదు, విజయవాడ పిల్లలకూ చెప్పండి. కథగా, కవిత్వంగా, మనుషులు తమను తాము అర్థం చేసుకున్న తీరుగా చెబితే వాటి విలువ పెరుగుతుంది. బయాలజీ పాఠానికి పోటీగా నిలబెడితే డోవర్‌లో లాగా ప్రశ్నలడగొద్దని చెప్పి కాపాడుకోవాల్సి వస్తుంది, అది ఆ కథలకు చేసే మర్యాద కాదు.

చేయాల్సింది చిన్న పనే. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతిలో ఆ పాఠం తిరిగి పెట్టాలి. పెట్టేటప్పుడు ఎక్కడో గలపగోస్ దీవుల పిచ్చుకలతో ఆపకుండా మన గులాబీ పురుగును, మన ఏజెన్సీ సికిల్ సెల్‌ను, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన, మన గోదావరి లోయలో దొరికిన కోటసారస్ డైనోసార్‌ను అందులో రాయాలి. అప్పటిదాకా, మీ పిల్లల స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల గురించి అడిగాక ఒక్క ప్రశ్న అదనంగా అడగండి. పరిణామం గురించి మా పిల్లకు ఏ తరగతిలో, ఎన్ని పీరియడ్లు చెబుతున్నారు? జవాబు రాకపోతే హెడ్మాస్టరుకు కాగితం మీద రాసివ్వండి. డోవర్‌లో కూడా మొదట మాట్లాడింది ఇలాంటి తల్లిదండ్రులూ టీచర్లే.